రంగు పట్టాలన్నా, నిప్పు పుట్టకూడదన్నా ఎర్తింగే

గేట్లు, బీరువాలు, సైకిల్ ఫ్రేములకు మామూలు స్ప్రే గన్‌తో రంగు వేస్తే పెయింట్‌లో సగానికి పైగా గాలిలో కలిసిపోవడం మామూలే. సన్నటి చువ్వల గ్రిల్ అయితే నష్టం ఇంకా ఎక్కువ. ఈ వృథాకు విరుగుడుగా వచ్చిందే ఎలక్ట్రోస్టాటిక్ స్ప్రే. అమెరికాలోని ఇండియానాపోలిస్‌కు చెందిన హెరాల్డ్ రాన్స్‌బర్గ్ 1940లలో దీన్ని ఫ్యాక్టరీ పనికి అనువుగా తీర్చిదిద్దాడు. ఇప్పుడు మన పారిశ్రామికవాడల్లో పొడి రంగు చల్లి వేడితో కరిగించి అంటించే పౌడర్ కోటింగ్ షెడ్లలోనూ పనిచేసేది ఇదే సూత్రం.

గన్ కొనలో సూదిలాంటి ఎలక్ట్రోడ్ ఉంటుంది. దానికి దాదాపు 40 వేల నుంచి లక్ష వోల్టుల దాకా ఇస్తారు. పెయింట్ చుక్కలు అక్కడ ఋణావేశం పుంజుకుంటాయి. అన్నిటికీ ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడిపోయి, ఎర్త్ చేసిన ఇనుప వస్తువు వైపు లాగినట్టు వెళతాయి. పక్కనుంచి దాటిపోవాల్సిన చుక్కలు కూడా వెనక్కి తిరిగి చువ్వ వెనక వైపు అంటుకుంటాయి. మొదటిసారి చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. చుక్కలు మోసుకొచ్చిన ఆవేశం వస్తువులోంచి దాన్ని వేలాడదీసిన హుక్‌కి, హుక్ నుంచి భూమిలోకి పోవాలి. చాలా షెడ్లలో హుక్‌లు రోజుల తరబడి రంగు పేరుకుని లావెక్కి ఉంటాయి. ఎండిన పెయింట్ కరెంటును పోనివ్వదు. దారి మూసుకుపోగానే వస్తువులో ఆవేశం పోగుపడి, కొత్తగా వచ్చే చుక్కలను తోసేస్తుంది. రంగు పలచగా పడుతుంది, వెనక వైపు అసలు పట్టదు. తోసేసిన చుక్కలు దగ్గర్లో ఎర్త్ అయి ఉన్న ఇంకోదాన్ని వెతుక్కుంటాయి. చాలాసార్లు అది పెయింటరే. చేతికీ మాస్కుకీ మామూలు కన్నా ఎక్కువ రంగు అంటుతుంటే గన్ పాడైందని అనుకునే ముందు హుక్ చూడాలి.

అదే వస్తువు నిప్పుకూ కారణమవుతుంది. పోగుపడిన ఆవేశం దగ్గర్లోని లోహం మీదికి ఒక్కసారిగా దూకితే స్పార్క్ వస్తుంది. థిన్నర్‌లో తరచుగా ఉండే టోలుయీన్ ఆవిరి గాలితో తగిన పాళ్లలో కలిస్తే, అంటుకోవడానికి 0.24 మిల్లీజౌల్ శక్తి చాలు. ఎర్త్ లేకుండా నిలబడ్డ మనిషి ఒంట్లో 10 వేల వోల్టులు చేరితే విడుదలయ్యే శక్తి 7 మిల్లీజౌళ్ల పైమాటే, అంటే అవసరమైనదానికి దాదాపు 30 రెట్లు. గన్ ఇచ్చే కరెంటు మైక్రోఆంపియర్లలోనే ఉంటుంది, బాగున్న గన్‌తో ప్రాణం తీసే షాక్ తగలదు. కానీ "చిన్న షాకేగా" అని వదిలేయడం నా దృష్టిలో చాలా పెద్ద తప్పు. ఒంటికి తెలిసేంత స్పార్క్‌కి ఆ ఆవిరిని అంటించే శక్తి కూడా ఉంటుంది.

అందుకే వస్తువుతో పాటు పెయింటర్ కూడా ఎర్త్ అయి ఉండాలి. గన్ పిడి చర్మానికి నేరుగా తగలాలి. గ్లౌజులు తప్పనిసరైతే ఆవేశాన్ని పోనిచ్చే రకం వాడాలి, లేదా అరచేతి భాగం కత్తిరించాలి. మామూలు రబ్బరు చెప్పులు పనికిరావు, యాంటీస్టాటిక్ బూట్లు కావాలి. చెక్క స్టూలు మీద పెట్టిన థిన్నర్ డబ్బా, ప్లాస్టిక్ చక్రాల ఇనుప బల్ల లాంటివన్నీ ఆవేశం పట్టుకుంటాయి. వాటిని రంగు వేసే గదిలోంచి (బూత్) తీసేయాలి, లేదా వైరుతో ఎర్త్‌కి కలపాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ దరిదాపులకే రాకూడదు.

ఇక చేతి పనితనం. గన్‌ని 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, వస్తువుకు సమాంతరంగా ఒకే వేగంతో కదపాలి. గాలి ప్రెషర్ ఎక్కువైతే చుక్కలు దూసుకుపోతాయి, వాటిని లాగి పట్టే వ్యవధి విద్యుత్ బలానికి దొరకదు. కొత్తవాళ్లను బాగా ఇబ్బంది పెట్టేవి లోపలి మూలలు. లోహపు పెట్టె లోపలికి విద్యుత్ క్షేత్రం చొరబడదని మైకేల్ ఫారడే 1836లోనే చూపించాడు. బీరువా లోపలి మూలల్లోనూ అంతే, చుక్కలన్నీ అంచులకే పోతాయి. వోల్టేజీ పెంచితే మూల ఇంకా బోసిపోతుంది. అక్కడ వోల్టేజీ తగ్గించాలి, గాలి తగ్గించాలి, మూలలు ముందు వేసి చదును భాగాలు తర్వాత వేయాలి.

గన్‌ని థిన్నర్‌తో కడిగే ముందు వోల్టేజీ తప్పకుండా ఆపేయాలి, కడిగిన థిన్నర్‌ని ఎర్త్ చేసిన ఇనుప డబ్బాలోనే పట్టాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగకపోతే గన్ ఆన్ కాకుండా ఇంటర్‌లాక్ పెట్టించుకోవడం మంచిది. హార్డెనర్ కలిపే టూకే పీయూ (రెండు భాగాల పాలీయురెథేన్) పెయింట్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఆస్తమా తెప్పిస్తాయి, ముక్కుకు కట్టుకున్న కర్చీఫ్ వాటిని ఆపలేదు. బయటినుంచి మంచి గాలి అందించే మాస్క్ కావాలి.

హుక్ బాగుందో లేదో కంటితో చెప్పలేం. వస్తువు నుంచి ఎర్త్ దాకా రెసిస్టెన్స్ 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) లోపు ఉండాలి. దీన్ని జేబు మల్టీమీటర్‌తో కాకుండా ఎక్కువ వోల్టేజీ పెట్టి రెసిస్టెన్స్ చూసే మీటర్‌తో, అంటే కనీసం 500 వోల్టుల మెగ్గర్‌తో కొలవాలి. రీడింగ్ ఎక్కువ వస్తే ఆ హుక్‌ని లోహం కనిపించేదాకా గీకాలి, లేదా కాల్చి శుభ్రం చేయడానికి పక్కన పడేసి ఇంకోటి తగిలించాలి.