మొలాసిస్ నుంచి మొక్కజొన్న దాకా: ఇథనాల్ లెక్క ఎక్కడ మారింది?

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలుపుతున్నా బంకులో రేటెందుకు తగ్గలేదని బండి ఉన్నవాళ్లంతా అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ ఇథనాల్‌ను దేనితో తయారుచేస్తున్నారో చూస్తే జవాబు దొరుకుతుంది.

పెట్రోల్‌లో ఆల్కహాల్ కలపడానికి 1948లోనే మన దగ్గర చట్టం వచ్చింది. ఇప్పుడున్న పథకం మాత్రం 2001లో మిరజ్, మన్మాడ్, బరేలీలలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపాలన్నారు. అయినా 2013-14 నాటికి దేశం మొత్తమ్మీద కలిసింది 1.53 శాతమే. 2014 చివర్లో కేంద్రం కొనుగోలు ధర తనే నిర్ణయించడం మొదలుపెట్టాక, 2018లో ఇథనాల్‌పై జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించాక కథ మారింది. 2022 జూన్‌లో 10 శాతం దాటాం. 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025కే జరిపారు.

అసలు మలుపు ఇక్కడే. మొదట్లో ఇథనాల్ అంతా సి-హెవీ మొలాసిస్ నుంచి వచ్చేది. చెరకు రసంలోంచి తీయగలిగినంత చక్కెర తీసేశాక మిల్లులో మిగిలే నల్లటి చిక్కటి ద్రవం అది. టన్నుకు సుమారు 225 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మిగిలిపోయిన సరుకు కాబట్టి లెక్క గిట్టుబాటయ్యేది. కానీ అంతటితో 20 శాతం సాధ్యం కాదు. దాంతో చెరకు రసం, బియ్యం, నూకల మీద పడ్డారు. 2023 జూలైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) ఇథనాల్‌కు ఇచ్చే బియ్యం ఆగింది, డిసెంబరులో చెరకు రసంపై ఆంక్షలు వచ్చాయి. భారమంతా మొక్కజొన్న మీదికి మళ్లింది. కోళ్ల దాణాకు అదే ప్రాణం కాబట్టి ఆ సెగ మన పౌల్ట్రీ రైతులకూ తగిలింది.

2024-25లో సి-హెవీ ఇథనాల్ ధర లీటరుకు రూ.57.97 ఉంటే, మొక్కజొన్న ఇథనాల్‌ది రూ.71.86. రవాణా, జీఎస్టీ కలిపి సగటున రూ.71.32 పడుతోందని, శుద్ధిచేసిన పెట్రోల్ కంటే ఇదే ఖరీదని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. పైగా లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ.

బ్రెజిల్‌లో 2003 నుంచి పెట్రోల్, ఇథనాల్‌లలో దేనితోనైనా నడిచే ఫ్లెక్స్ కార్లున్నాయి. అక్కడ ఇథనాల్ ధర పెట్రోల్ ధరలో 70 శాతం లోపుంటేనే జనం దాన్ని కొట్టిస్తారు, లేదంటే పెట్రోలే. మనకు ఆ వెసులుబాటు లేదు.

ఇథనాల్ వల్ల ముడిచమురు దిగుమతి అవసరం కొంత తగ్గిన మాట నిజం. చెరకు రైతుల బకాయిలు తీరడానికి ఇథనాల్ సొమ్ము అక్కరకొచ్చిందీ నిజమే. అయితే పాత కార్లలో మైలేజీ 6-7 శాతం పడిపోవచ్చని 2021లోనే నీతి ఆయోగ్ నివేదిక రాసింది. ఆ నష్టం పూడ్చేందుకు ఇ10, ఇ20 (10, 20 శాతం ఇథనాల్ కలిసిన) ఇంధనాలపై పన్ను రాయితీ ఆలోచించమని కూడా అందులోనే సూచించింది. మైలేజీ మాట నిజమైంది కానీ, ఆ రాయితీ మాత్రం బంకు దాకా రాలేదు.