అమెరికా ఎన్నికల్లో కంపెనీల డబ్బు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఎన్నికలు దగ్గరపడ్డాయంటే "ఫలానా కంపెనీ ఫలానా అభ్యర్థికి ఇంత ఇచ్చింది" అనే జాబితాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. చాలాసార్లు అంకెలు సరైనవే, వాటిని చదవడంలోనే పొరపాటు. ఎన్నికల ఖర్చుల నివేదికలతో పనిచేసే మాకు తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: కంపెనీలు అభ్యర్థులకు నేరుగా డబ్బిస్తాయి.

వాస్తవం: అధ్యక్ష, సెనేట్, ప్రతినిధుల సభ ఎన్నికల్లో ఇది 1907 నుంచే నిషిద్ధం. మరి జాబితాల్లో కంపెనీ పేరెలా వస్తుంది? ఒకరు ఇచ్చిన విరాళాలు 200 డాలర్లు దాటితే వారి పేరు, చిరునామా, వృత్తితో పాటు ఎక్కడ పనిచేస్తున్నారో కూడా ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు చూపాలి. ఒక సంస్థ ఉద్యోగులు సొంత జేబులోంచి ఇచ్చినవన్నీ కూడితే వచ్చేదే ఆ అంకె. కంపెనీ పేరుతో నడిచే ప్యాక్ (విరాళాలు సేకరించి అభ్యర్థులకు పంచే కమిటీ) కూడా సంస్థ సొమ్మును అభ్యర్థులకు పంచకూడదు. మేనేజర్లు, వాటాదారుల దగ్గర మనిషికి ఏడాదికి 5,000 డాలర్లకు మించకుండా వసూలు చేయాలి. ఒక అభ్యర్థికి ప్రైమరీకి (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) 5,000, అసలు ఎన్నికకు మరో 5,000 వరకే ఇవ్వాలి. రాష్ట్ర ఎన్నికల సంగతి వేరు. వర్జీనియాలో కంపెనీ ఎంతైనా ఇవ్వొచ్చు.

అపోహ: ఎన్నికల్లో ఇంత డబ్బుకు మూలం సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పే.

వాస్తవం: ఎన్నికల ఖర్చు వాక్‌స్వాతంత్ర్యంలో భాగమన్నది 1976 నాటి సుప్రీంకోర్టు బక్లీ తీర్పు. కంపెనీలు, యూనియన్లు అభ్యర్థితో సంబంధం లేకుండా ఎంతైనా ఖర్చుపెట్టొచ్చని 2010 జనవరిలో సిటిజన్స్ యునైటెడ్ చెప్పింది. ఎంతైనా విరాళం తీసుకుని, అభ్యర్థికి ఇవ్వకుండా సొంతంగా ప్రచారానికి ఖర్చుపెట్టే సూపర్ ప్యాక్‌లు పుట్టింది మాత్రం ఆ మార్చిలో అప్పీలు కోర్టు ఇచ్చిన స్పీచ్‌నౌ తీర్పుతో.

అపోహ: సూపర్ ప్యాక్‌కూ అభ్యర్థికీ మధ్య గట్టి గోడ ఉంది.

వాస్తవం: చట్టంలో ఉంది. అమలుకొచ్చేసరికి చిల్లులే. కొందరు అభ్యర్థుల వెబ్‌సైట్లలో ఎర్ర గీతల పెట్టె ఒకటి కనిపిస్తుంది. ఫలానా ప్రాంతంలో ఫలానా వయసు ఓటర్లు ఈ విషయం "చూడాలి", "చదవాలి" అని అందులో రాసి ఉంటుంది. అది సూపర్ ప్యాక్ కోసం రాసిన సూచన. "చూడాలి" అంటే టీవీ ప్రకటన, "చదవాలి" అంటే ఇంటికి పోస్టులో వచ్చే కరపత్రం. అభ్యర్థి నడుస్తూ, నవ్వుతూ కనిపించే మాటల్లేని వీడియో యూట్యూబ్‌లో పెట్టేదీ అందుకే. అందరికీ అందుబాటులో ఉన్నది వాడుకుంటే కుమ్మక్కు కాదని వాళ్ల వాదన. ఇంటింటి ప్రచారాన్నయితే అభ్యర్థితో కలిసే చేసుకోవచ్చని 2024 మార్చిలో కమిషనే చెప్పింది. ఆ కమిషన్‌లో ఆరు స్థానాలు, ఒక పార్టీవాళ్లు ముగ్గురికి మించకూడదు, ఏ చర్యకైనా నాలుగు ఓట్లు కావాలి. 3-3 అయితే ఫిర్యాదు అక్కడితో సరి. 2019లో, 2025లో కోరమే లేకుండా పోయింది.

ఇంకో కిటుకు గమనించండి. ఎన్నికకు ముందిచ్చే నివేదికలో పోలింగ్‌కు 20 రోజుల ముందు వరకే లెక్క ఉంటుంది. ఆ తర్వాత పుట్టిన సూపర్ ప్యాక్ దాతల పేర్లు ఓటేశాకే బయటికొస్తాయి. అంతకుముందు కనిపించేది ఖర్చు మాత్రమే: ఆ 20 రోజుల్లో 1,000 డాలర్లు, అంతకు మించిన ప్రకటన ఖర్చును 24 గంటల్లో చెప్పాలి. వార్తలు చూసేకంటే ఈ 24 గంటల నివేదికలు చూడటం మేలు.

అపోహ: పార్టీలు కొట్టుకుంటున్నాయి కాబట్టి కంపెనీలు ఏదో ఒక పక్షం పట్టక తప్పదు.

వాస్తవం: మాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే. 2024లో కాయిన్‌బేస్, రిపుల్ లాంటి క్రిప్టో సంస్థల డబ్బుతో ఫెయిర్‌షేక్ అనే సూపర్ ప్యాక్ నడిచింది. దానికి రెండు అనుబంధ సంఘాలు: ఒకటి రిపబ్లికన్ల కోసం, ఇంకోటి డెమొక్రాట్ల కోసం. ఒహాయోలో అప్పటి సెనేట్ బ్యాంకింగ్ కమిటీ అధ్యక్షుడు, డెమొక్రాట్ షెరడ్ బ్రౌన్ ప్రత్యర్థిని గెలిపించే ప్రకటనలకు దాదాపు 4 కోట్ల డాలర్లు, మిషిగన్, అరిజోనా సెనేట్ పోటీల్లో డెమొక్రాట్లకు మద్దతుగా చెరో కోటి ఖర్చుపెట్టింది. కాలిఫోర్నియా సెనేట్ ప్రైమరీలో డెమొక్రాట్ కేటీ పోర్టర్‌కు వ్యతిరేకంగా దాదాపు కోటి. ఆ ప్రకటనల్లో క్రిప్టో ఊసే లేదు. ఏ అంశం మీదా కలవరనుకునే సెనేట్‌లో 2025 జూన్‌లో స్టేబుల్‌కాయిన్ (డాలర్ లాంటి కరెన్సీ విలువకు ముడిపెట్టిన క్రిప్టో) బిల్లు 68-30తో గట్టెక్కింది. డబ్బు వల్లే ఓట్లు పడ్డాయని ఎవరూ నిరూపించలేరు. కానీ ఆ తీరు చూసి మిగతా సభ్యులు జాగ్రత్తపడకుండా ఉంటారా?

అపోహ: డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లే గెలుస్తారు.

వాస్తవం: 2020లో అధ్యక్ష పదవికి డెమొక్రాట్ల తరఫున పోటీపడిన న్యూయార్క్ మాజీ మేయర్ బ్లూమ్‌బర్గ్ దాదాపు 100 కోట్ల డాలర్ల సొంత సొమ్ము పెట్టి ప్రైమరీల్లో అమెరికన్ సమోవా ఒక్కటే గెలిచారు. అందరికీ తెలిసిన పోటీలో డబ్బు పని తక్కువ. జనం పట్టించుకోని ప్రైమరీలోనే దాని దెబ్బ గట్టిగా తగులుతుంది. నియోజకవర్గాల హద్దులు ఒక పార్టీకి అనుకూలంగా గీశాక అసలు పోటీ ప్రైమరీదే, అక్కడ ఓటేసేవాళ్లు కొద్దిమంది. పార్టీ లాభం కోసం గీసిన హద్దుల్లో ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోలేవని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అపోహ: హెచ్-1బీ మీద ఉన్నా పన్ను కడుతున్నాం కాబట్టి చందా ఇవ్వొచ్చు.

వాస్తవం: ఇవ్వకూడదు. అధ్యక్ష పదవి నుంచి స్కూలు బోర్డు వరకూ ఏ అభ్యర్థికీ కుదరదు. గ్రీన్‌కార్డు ఉంటే 2025-26లో ఒక అభ్యర్థికి ప్రైమరీకి 3,500, అసలు ఎన్నికకు 3,500 డాలర్ల వరకు ఇవ్వొచ్చు. నగదైతే 100 దాటకూడదు. హెచ్-1బీ వాళ్లు జీతం తీసుకోకుండా ప్రచారంలో పనిచేయొచ్చు. 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా నమోదైన తెలుగు సంఘం ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, సంఘం ఖాతా నుంచి అభ్యర్థి విరాళాల విందు టికెట్లు కొనకూడదు. ఒకరు తన కార్డుతో అందరి పేరునా కట్టి తర్వాత వసూలు చేసుకోవడం ఇంకా ప్రమాదం. అది ఇతరుల పేరుతో ఇచ్చిన విరాళం కిందకొస్తుంది, కావాలని చేసినట్టు తేలితే జైలు శిక్ష కూడా పడొచ్చు. ఎవరి డబ్బు వాళ్ల కార్డు నుంచే, వాళ్ల పేరుతోనే కట్టాలి.