ఇసుకలో దూరిన పీతను తవ్వొద్దు

ఇంట్లోనే పసిపిల్లల డేకేర్ నడిపే ఒక పాఠకురాలు ఈమధ్య ఒక ప్రశ్న పంపారు. పిల్లలు చూసి ఆనందిస్తారని గాజు తొట్టెలో రెండు సన్యాసి పీతల్ని, అంటే హెర్మిట్ క్రాబ్‌లను, పెంచుతున్నారట. వాటిలో పెద్దది ఇసుకలోకి దూరి మూడు వారాలైంది. పైకి రావడం లేదు. చచ్చిపోయిందేమోనని ఆవిడ భయం. పిల్లలు పొద్దున రాగానే అడిగే మొదటి మాట అదేనట. తవ్వి చూడవచ్చా అన్నది ప్రశ్న.

తవ్వొద్దు. ఇంకో రెండు నెలలు రాకపోయినా తవ్వొద్దు. ఆ ఇసుక కింద జరుగుతున్న పని ఏమిటో తెలిస్తే తవ్వాలన్న ఆలోచనే రాదు. అందుకే ఈ వ్యాసంలో చాలా భాగం ఆ పని గురించే. తొట్టె ఎంతుండాలి, మేత గిన్నె ఎలాంటిది పెట్టాలి లాంటి వివరాలు ఎవరైనా చెబుతారు.

జంతుశాస్త్రం పాఠాల్లో సన్యాసి పీతకు సాధారణంగా ఒక్క వాక్యం దక్కుతుంది. గుల్ల మీద సముద్ర ఎనిమోన్‌ని, అంటే పువ్వులా కనిపించే ఒక సముద్రజీవిని, మోసుకుని తిరుగుతుందనీ, అది సహజీవనానికి ఉదాహరణ అనీ. పరీక్షకు ఆ వాక్యం సరిపోతుంది. పిల్లల మనసులో మాత్రం ఈ పీత ఎనిమోన్‌ని మోసే కూలీగా మిగిలిపోతుంది. అందులోనూ మనం ఇళ్లలో పెంచేవి ఆ సముద్రపు పీతలు కావు. అవి సీనోబిటా ప్రజాతికి చెందిన నేల పీతలు. గుడ్లు పగిలేది సముద్రపు నీళ్లలోనే, బయటికొచ్చిన డింభకాలు కొన్ని వారాలు అక్కడే ఈదుతాయి. ఆ తర్వాత చిన్న గుల్ల ఒకటి వెతుక్కుని గట్టెక్కుతాయి. ఇక జీవితమంతా నేల మీదే. నీళ్లలో ముంచి ఉంచితే చచ్చిపోతాయి.

అసలు విషయానికి ముందు ఒక గందరగోళం తీర్చాలి. ఈ పీతకు రెండు కవచాలు. వీపున మోసే గుల్ల దానిది కాదు, చచ్చిపోయిన నత్తది. ఇది గదిలాంటిది, మార్చుకోవడానికి నిమిషం పట్టదు. రెండోది దాని సొంత పెంకు. కాళ్లూ తలా ఛాతీ అన్నిటినీ కప్పి ఉంటుంది. గుల్ల మారితే పీత పెరిగిందని పిల్లలకు చెబుతుంటారు. నిజానికి పెరిగేది పెంకు విడిచినప్పుడే. గుల్ల మార్పు ఆ తర్వాతి సంగతి.

పెంకు కైటిన్ అనే పదార్థంతో తయారై, కాల్షియం కార్బొనేట్‌తో గట్టిపడుతుంది. గట్టిపడ్డాక సాగదు. లోపలి కండ పెరగాలంటే పెంకు మొత్తం ఊడిపోవాలి. దీన్ని నిర్మోచనం అంటారు. పాము కుబుసం విడిచినట్టే అని మనం తేలిగ్గా చెప్పేస్తాం. పాము విడిచేది చర్మపు పై పొరను, దాని ఎముకలు లోపల భద్రంగానే ఉంటాయి. పీతకు ఈ పెంకే ఎముకల గూడు. కండరాలన్నీ దాని లోపలి గోడకే అతుక్కుని ఉంటాయి. అంటే పీత తన అస్థిపంజరాన్నే వదిలేసి, కొత్తది గట్టిపడేదాకా అస్థిపంజరం లేకుండా బతకాలి. ఇది మామూలు సాహసం కాదు.

ఎప్పుడు విడవాలో నిర్ణయించేది కళ్లు. కాస్త కచ్చితంగా చెప్పాలంటే కంటి కాడలు. పీత కళ్లు రెండు కాడల చివర ఉంటాయి కదా, ఆ కాడల లోపల ఎక్స్-అవయవం అనే నాడీకణాల గుంపు ఉంది. అది తయారు చేసే హార్మోను సైనస్ గ్రంథిలో నిల్వ ఉండి రక్తంలోకి వస్తుంది. దాని పేరు నిర్మోచన నిరోధక హార్మోను. పేరులో ఉన్నట్టే దాని పని ఆపడం. తల భాగంలో వై-అవయవాలు అని మరో జత గ్రంథులున్నాయి. ఇవి పెంకు విడవమని చెప్పే ఎక్‌డైసోన్ లాంటి స్టెరాయిడ్లను తయారు చేస్తాయి. కంటి కాడ నుంచి నిరోధక హార్మోను వస్తున్నంత కాలం వై-అవయవాలు అణిగి ఉంటాయి. అది తగ్గగానే స్టెరాయిడ్ల మట్టం పెరిగి మొత్తం యంత్రాంగం కదులుతుంది. 1905లోనే చార్లెస్ జెలెనీ ఫిడ్లర్ పీతల కంటి కాడలు తీసేస్తే అవి తొందరగా పెంకు విడుస్తాయని గమనించాడు. రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కంటి కాడ తీసే పద్ధతి వెనక కూడా ఇలాంటి తర్కమే ఉంది. గుడ్ల ఎదుగుదలను ఆపే హార్మోను కూడా అక్కడి నుంచే వస్తుంది. ఎక్‌డైసోన్‌ని మొట్టమొదట శుద్ధి చేసింది 1954లో, బుటెనాండ్ట్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు, పట్టుపురుగు ప్యూపాల నుంచి. పట్టుపురుగునీ ఈ పీతనీ కదిలించేది ఒకే కుటుంబపు హార్మోను!

ఆజ్ఞ అందగానే చర్మకణాల పొర పాత పెంకు నుంచి విడివడుతుంది. ఆ సందులోకి ఎంజైములు స్రవించి పాత పెంకు లోపలి పొరల్ని కరిగిస్తాయి. దాని కిందే కొత్త పెంకు మెత్తగా, ముడతలు ముడతలుగా తయారవుతుంది. ఇప్పటికి పీత మందకొడిగా మారుతుంది. కళ్లు మసకబారతాయి, రంగు పాలిపోతుంది. అప్పుడే ఇసుకలోకి దిగుతుంది.

ఇప్పుడు నన్ను బాగా ఆశ్చర్యపరిచే ఘట్టం. డెక్క చూడండి. చివర లావుగా, కండతో నిండి ఉంటుంది. అది శరీరానికి అతికే కీలు దగ్గర సన్నగా ఉంటుంది. డెక్కలోని కండ మొత్తం ఆ సన్నటి కీలు గుండా వెనక్కి రావాలి. బిగుతైన గాజు తీసేటప్పుడు ఏం చేస్తాం? అరచేతిని ముడిచి, బొటనవేలిని లోపలికి నొక్కి, చేతిని వీలైనంత సన్నగా చేస్తాం. పీత చేసేదీ అదే, కాకపోతే అది చేతిని ముడవదు, కరిగిస్తుంది. నేల పీతల మీద జరిగిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, పెంకు విడిచే ముందు డెక్క కండరంలోని ప్రోటీన్‌ను శరీరమే జీర్ణించుకుని కండను బాగా కుదిస్తుంది. ఆ గండం గట్టెక్కాక కండ మళ్లీ పెరుగుతుంది. గాజును కూడా కాస్త మెత్తబరుస్తుంది. కొన్ని జాతుల్లో కీలు దగ్గరి పెంకులోంచి కాల్షియాన్ని ముందుగానే లాగేసుకుంటుంది. మన చేతికి ఒక్క గాజు, దాని ప్రతి కాలికీ వరసగా అన్ని కీళ్లు. కాళ్లు పది. మీసాలకూ నోటి భాగాలకూ ఇదే తంతు. గాజు రాకపోతే మనం సబ్బు రాస్తాం. పీతకు రాకపోతే కాలే వదులుకోవాలి, లేదా అక్కడే చావాలి. కాలు వదిలేసే ఏర్పాటు దానికి ఉంది. కాలు ఒంటికి అతికే చోట ఒక నిర్ణీత గీత దగ్గర తెగిపోతుంది, రక్తం పెద్దగా పోదు. తర్వాత అక్కడ చిన్న మొగ్గ వస్తుంది. మడిచి పెట్టిన కొత్త కాలు అందులో పెరుగుతుంది. మరుసటి నిర్మోచనంలో విచ్చుకుంటుంది. కాలు పోయిన పీతను చూసి పిల్లలు బెంగపడితే ఈ మొగ్గను చూపించండి.

పెంకు అంటే బయట కనిపించేదే అనుకోవద్దు. మొప్పల మీది పొర, కళ్ల మీది పారదర్శక పొర, జీర్ణాశయంలో మేత నమిలే పళ్లు, అన్నీ పాత పెంకుతోపాటే వెళ్లిపోతాయి. చాలా రొయ్యల్లో, పీతల్లో సమతూకం చెప్పే అవయవం లోపలి పొర కూడా పోతుంది. రొయ్యలో ఆ అవయవంలో చిన్న ఇసుక రేణువులుంటాయి, పెంకు విడిచిన ప్రతిసారీ కొత్తవి వేసుకోవాలి. 1893లో అలోయిస్ క్రైడల్ అప్పుడే పెంకు విడిచిన రొయ్యలకు ఇసుకకు బదులు ఇనుప రజను అందుబాటులో పెట్టాడు. అవి దాన్నే వేసుకున్నాయి. పైన అయస్కాంతం పట్టుకోగానే పైదే కింద అనుకుని తలకిందులయ్యాయి. ఇంత అందమైన ప్రయోగం ఏ తరగతిలోనూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సరే, అస్థిపంజరం పోయింది. మెత్తటి ముద్దలా ఉన్న పీత ఎలా కదులుతుంది? నీటి ఒత్తిడితో. నీటి పీతలు నీళ్లు పీల్చుకుని ఒళ్లంతా బిగదీసుకుంటాయి, ఆ ఒత్తిడే కండరాలకు ఆధారం. నేల మీద అంత నీరెక్కడిది? 2006లో జెనిఫర్ టేలర్, విలియం కీర్ ఒక నేల పీతలో చూపించిన సంగతి వింతగా ఉంటుంది. అది గాలి మింగి జీర్ణాశయాన్ని ఉబ్బించుకుని, గాలీ నీరూ కలిసిన ఒత్తిడితో డెక్కను కదిలిస్తుంది. అది సన్యాసి పీత కాదు గానీ, నేలకెక్కిన పీతలకు మెత్తబడ్డ రోజుల్లో ఎదురయ్యే చిక్కు అదే. మన సన్యాసి పీత ముందుగానే నీటినీ కొవ్వునూ ఒంట్లో నిల్వ చేసుకుని దిగుతుంది. పెంకు విడిచాక దాన్నే తినేస్తుంది, అందులోని కాల్షియం కొత్త పెంకుకు కావాలి. చిన్న పీతకు ఇదంతా కొన్ని వారాల పని. పెద్దదానికి రెండు మూడు నెలలు మామూలే.

ఇప్పుడు గరిట పెట్టి తవ్వితే ఏమవుతుందో ఆలోచించండి. అది తొలుచుకున్న చిన్న గది కూలిపోతుంది. వేలు తగిలితే నొక్కుకుపోయే ఒళ్లు దానిది. కొత్త మొప్పల పొర ఇంకా లేతగా ఉండగా పొడి గాలి తగులుతుంది. ఈ పీతలు మొప్పలతోనూ, గుల్లలో దాచుకున్న పల్చటి పొట్ట చర్మంతోనూ గాలి పీల్చుకుంటాయి. రెండూ తడిగా ఉంటేనే పనిచేస్తాయి. పైగా దానికి కావాల్సిన పాత పెంకును చెత్త అనుకుని మనం పారేస్తాం. ఇన్నిటిని తట్టుకోవడం కష్టం.

పీత చచ్చి బతికిందన్న కథలు కూడా ఈ పాత పెంకు నుంచే పుడతాయి. ఇసుక మీద కాళ్లూ డెక్కలతో సహా పీత ఆకారం పడి ఉంటుంది, చచ్చిందనుకుంటారు, కొన్నాళ్లకు పీత నడుచుకుంటూ వస్తుంది. పసిపిల్లలకు ఈ కథ దయచేసి చెప్పొద్దు. చావు అంటే ఏమిటో అప్పుడప్పుడే తెలుసుకుంటున్న వయసది. పాత పెంకు విడిచి కొత్తది తొడుక్కుంటోందన్న నిజం వాళ్లకు చక్కగా అర్థమవుతుంది. నిజంగా చనిపోతే వాసన చెబుతుంది, కుళ్లిన చేప కంపు రోజురోజుకీ పెరుగుతుంది. అలాంటి కంపు లేనంతవరకూ బతికే ఉందనుకోండి.

ఇంకో నమ్మకం, పీతకు నొప్పి తెలియదని. 2009లో బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్వుడ్, మిర్యమ్ అప్పెల్ సముద్రపు సన్యాసి పీతల గుల్లల్లోకి చిన్న విద్యుత్ తాకిడి పంపారు. అంతగా నచ్చని గుల్లలో ఉన్నవి ఎక్కువగా బయటికొచ్చేశాయి. నచ్చిన గుల్లలో ఉన్నవి ఓర్చుకున్నాయి. కదలకుండా ఉండిపోయినవి కూడా తర్వాత కొత్త గుల్ల చూపిస్తే మామూలు కన్నా త్వరగా దాని దగ్గరికి వెళ్లాయి. యాంత్రికమైన ఉలికిపాటైతే గుల్ల మంచిచెడ్డలు బేరీజు వేయదు. బ్రిటన్ 2022లో చేసిన జంతు సంక్షేమ చట్టం పీతల్ని కూడా అనుభూతి ఉన్న ప్రాణుల్లో చేర్చింది.

తొట్టె విషయంలో రెండు ముక్కలు. ఇసుక లోతు అన్నిటికన్నా పెద్ద పీత ఎత్తుకు కనీసం మూడింతలు, ఆరంగుళాలకు తక్కువ కాకుండా. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తడి. గాలిలో తేమ 75 నుంచి 85 శాతం, వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్. వేడి పలకను తొట్టె కింద పెట్టొద్దు, ఇసుకలో ఉన్నది ఉడికిపోతుంది, వెనక గోడకు అంటించాలి. మంచినీళ్లూ ఉప్పునీళ్లూ రెండూ కావాలి, రెండూ క్లోరిన్ తీసినవే. ఉప్పు సముద్రపు చేపల తొట్టెల్లో వాడేది, వంటింటి ఉప్పు కాదు. రంగులేసిన గుల్లలు కొనొద్దు, ఊడిన రంగు పీత నోట్లోకి వెళ్తుంది.

డేకేర్‌లో వీటిని ఉంచాలా వద్దా అంటే, నా అభిప్రాయం దాచను. చేతిలోకి తీసుకుని ఆడుకునే ప్రాణిగా అయితే వద్దు. అది రాత్రి తిరిగే జీవి, పిల్లలు ఉండే వేళ దాని నిద్రవేళ. భయపడితే గట్టిగా గిల్లుతుంది, నొప్పికి పిల్లవాడు చెయ్యి విదిలిస్తే నేలకు కొట్టుకుని చస్తుంది. పీతల మీద సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా ఉండొచ్చు, తొట్టె ముట్టిన ప్రతి చెయ్యీ సబ్బుతో కడగాల్సిందే. అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రతీరాల నుంచి పట్టుకొచ్చినవే, బందీగా వాటిని పెంచి పిల్లల్ని చేయడం చాలా కష్టం. సరిగ్గా చూసుకుంటే 30 ఏళ్లు దాటి బతికినవి ఉన్నాయి. చూసుకోక కొన్ని నెలల్లోనే చనిపోయేవి లెక్కలేనన్ని. కాబట్టి కొత్తవి కొనకండి, ఎవరైనా పెంచలేక ఇచ్చేస్తుంటే తీసుకోండి. బాధ్యత పెద్దవాళ్లది, పిల్లలది చూసే పని. పొద్దున్నే ఇసుక మీద కాళ్ల జాడలు వెతకడం, రాత్రి పెట్టిన మేతలో ఏది తగ్గిందో చూడటం, పీత దిగిన రోజు నుంచి కాలెండర్‌లో గళ్లు నింపడం మూడేళ్ల పిల్లలు కూడా చేయగలరు.

ఇక రెండో పీత. పెంకు విడుస్తున్న పీత వాసన పట్టి మిగతావి తవ్వి తినేయడం ఉంది. తొట్టె విశాలంగా ఉండి, పైనున్నదానికి మాంసకృత్తులూ కాల్షియం ఉన్న మేత బాగా అందుతుంటే ఆ ప్రమాదం తక్కువ. అది సరిగ్గా అదే చోట తవ్వుతున్నట్టు కనిపిస్తే, పైనున్నదాన్నే వేరే తొట్టెలోకి మార్చండి. కిందున్నదాన్ని మాత్రం కదపొద్దు. ఇప్పటి గుల్ల కన్నా కాస్త పెద్ద మూతి ఉన్న ఖాళీ గుల్లలు మూడు నాలుగు ఇప్పుడే తొట్టెలో పెట్టి ఉంచండి, పైకొచ్చిన రాత్రే దానికి అవసరం పడొచ్చు.