ఆయిల్ ట్యాంకు మారుస్తున్నారా? ఎక్కడ పెట్టాలనే దానిపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో గ్యాస్ పైపు రాని పల్లెల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు పెరట్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు చూసి ఇదేంటని అడుగుతుంటారు. అందులో ఉండేది మనకు తెలిసిన కిరసనాయిలే. బాయిలర్ దాంతోనే నడుస్తుంది, ఇల్లంతా దాంతోనే వెచ్చబడుతుంది. ఈ ట్యాంకులు, బాయిలర్లు బిగించడం నా పని. ట్యాంకు మార్చాల్సి వస్తే అందరూ ముందు ధర అడుగుతారు, ఎక్కడ పెడతారని అడిగేవాళ్లు తక్కువ. కింద చెప్పే కొలతలు ఇంగ్లండ్‌లో 3,500 లీటర్ల లోపు ఇంటి ట్యాంకులకు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఉంటే అక్కడి నిబంధనలు చూసుకోండి.

అపోహ: పాతది ఉన్న చోటే కొత్తది పెట్టేయొచ్చు.

వాస్తవం: పాత ట్యాంకు అక్కడ ఎన్నేళ్లు ఉన్నా లెక్కలోకి రాదు. మార్చినా సరే, బిల్డింగ్ రెగ్యులేషన్స్ దృష్టిలో అది కొత్త ట్యాంకే. తలుపులు, కిటికీలు, బాయిలర్ పొగగొట్టం, చెక్క షెడ్డు, మంటకు ఆగని చూరు, వీటన్నిటికీ 1.8 మీటర్ల దూరం ఉండాలి. చెక్క ఫెన్సుకు 760 మిల్లీమీటర్లు. అంత జాగా లేకపోతే అరగంట పాటు మంటను ఆపగలిగే గోడ కట్టాలి. ఆ గోడ ట్యాంకు కంటే 300 మిల్లీమీటర్లు ఎత్తుగా, రెండు పక్కలా అంతే వెడల్పుగా ఉండాలి. కిటికీలు లేని ఇటుక గోడ ఉంటే మీ పని సగం తేలికైనట్టే. ఆయిల్ హీటింగ్ పనివాళ్లను నమోదు చేసుకునే సంస్థ ఓఫ్‌టెక్‌లో రిజిస్టరైన టెక్నీషియన్ అయితే ఈ పనికి సర్టిఫికెట్ తనే ఇస్తాడు. రిజిస్టర్ కాని వాళ్లతో చేయిస్తే ముందుగా కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పాలి. ఆ కాగితం పారేయకండి, ఇల్లు అమ్మేటప్పుడు లాయర్లు అడుగుతారు.

అపోహ: ట్యాంకు పేలి ఇల్లు అంటుకుంటుందనే ఇంత దూరం పెట్టమంటారు.

వాస్తవం: అసలు భయం ట్యాంకు నుంచి ఇంటికి కాదు, ఇంటివైపు నుంచి ట్యాంకుకి. ఈ కిరసనాయిలు ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే కనీస వేడి, 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే ఎక్కువ, కాబట్టి మామూలు చలిదేశపు వాతావరణంలో అది తేలిగ్గా అంటుకోదు. ఇంట్లోనో, షెడ్డులోనో, పక్కింటి ఫెన్సుకో నిప్పు అంటుకుని ట్యాంకు దాకా వస్తే మాత్రం ప్లాస్టిక్ కరిగి వెయ్యి లీటర్ల నూనె మంటలో పడుతుంది. చూడ్డానికి బాగాలేదని ట్యాంకు చుట్టూ చెక్క జాలీ కట్టి తీగలు పాకించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. దాచుకోండి, వద్దనను, కానీ 600 మిల్లీమీటర్లు వదలండి.

అపోహ: పాత ఇనుప ట్యాంకు కింద ఇటుక దిమ్మెలు గట్టిగానే ఉన్నాయి, వాటి మీదే కొత్తది కూర్చోబెట్టొచ్చు.

వాస్తవం: నన్ను అడిగితే ట్యాంకుల ప్రాణం తీసేది ఈ ఆలోచనే. ఇనుప రేకుకు బిగువు ఉంటుంది, రెండు దిమ్మెల మీద నిలబడుతుంది. ప్లాస్టిక్ అలా కాదు, అడుగు మొత్తానికి ఆనుడు కావాలి. వెయ్యి లీటర్లంటే దాదాపు 800 కిలోల బరువు. దిమ్మెల మధ్య ఖాళీ ఉన్నచోట ప్లాస్టిక్ కొద్దికొద్దిగా కిందికి జారుతుంది, చివరికి అంచుల దగ్గర పగులుతుంది. దిమ్మెల మీద చెక్కలు పరిచామంటారు కొందరు. చెక్క కుళ్లుతుంది, పైగా కాలుతుంది. మట్టం సరిచూసిన కాంక్రీటు గానీ, బాగా దిమ్మిస కొట్టిన కంకర మీద కనీసం 42 మిల్లీమీటర్ల మందం పలకలు గానీ వేయాలి. అది ట్యాంకు అంచు దాటి చుట్టూ 300 మిల్లీమీటర్లు బయటికి రావాలి. గడ్డి, పొదలు ట్యాంకును తాకకుండా ఉండడానికే ఆ అదనపు జాగా. దిమ్మెలు పగలగొట్టి కొత్త బేస్ వేయాలంటే ఖర్చే, కాదనను. అయినా నేను ఇందులో బేరానికి ఒప్పుకోను.

అపోహ: బండెడ్ ట్యాంకు కొంటే ఎక్కడైనా పెట్టొచ్చు.

వాస్తవం: ట్యాంకులో ట్యాంకు ఉన్నట్టుండే ఈ రకం నూనె కారితే పట్టుకోవడానికి. బయటి తొట్టిలో లోపలి దాని సామర్థ్యానికి 110 శాతం పట్టాలి. మంటకూ దీనికీ సంబంధం లేదు, పైన చెప్పిన దూరాలు దీనికీ వర్తిస్తాయి. 10 మీటర్ల లోపు వాగో కాలువో ఉన్నా, 50 మీటర్ల లోపు బావి, బోరు ఉన్నా, కారిన నూనె డ్రైనేజీలోకి పోయే వీలున్నా, ట్యాంకు 2,500 లీటర్లు దాటినా బండెడ్ తప్పనిసరి. మిగతా చోట్ల కూడా నేను అదే వేయమంటాను.

అపోహ: ఇంటి ముందు పెడితే ఆయిల్ లారీకి తేలిక.

వాస్తవం: లారీకి తేలికే. కానీ ఇంటి ముఖం దాటి ముందుకు వస్తే ప్లానింగ్ అనుమతి తీసుకోవాలి.

అపోహ: పైపు పాతదే, కలిపేస్తే సరిపోతుంది.

వాస్తవం: పాత ట్యాంకు అడుగు నుంచి నూనె తనంతట తనే బాయిలర్‌కి దిగేది. చాలా బండెడ్ ట్యాంకుల్లో నూనె పైనుంచి లాగాలి, అప్పుడు లైన్లో గాలి చేరి బర్నర్ ఆగిపోతుంది. అందుకే ఆ గాలిని తీసేసే డీఏరేటర్ అనే చిన్న పరికరం బిగిస్తాం, అది ఇంటి బయట గోడకే ఉండాలి. కొటేషన్‌లో అది ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడగండి. తర్వాత విడిగా బిల్లు వేస్తామనే సమాధానం తరచుగా వింటారు.