ఆటోమేటిక్ ఎస్ప్రెస్సో మిషన్: కడప ఇళ్లలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కడప, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల వైపు ఇళ్లలో కాఫీ మిషన్లు బిగించడం, రిపేరు చేయడం నా పని. గింజలు తనే పొడి చేసుకుని, తనే కాఫీ దించి, పిప్పి కూడా తనే డబ్బాలో వేసుకునే ఫుల్లీ ఆటోమేటిక్ ఎస్ప్రెస్సో మిషన్లు ఈ మధ్య మన దగ్గర బాగానే కనబడుతున్నాయి. చాలావరకు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నల కోసం కొని పంపినవి. మంచి మిషన్లు. సరిగా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. నాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి మూలం ఎవరో చెప్పిన మాట నమ్మడం. మన సీమలో వాటన్నిటికంటే ముఖ్యమైనది నీళ్ల సంగతి. అందుకే దాంతోనే మొదలుపెడతాను, దాని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: మనం తాగే నీళ్లయితే చాలు, మిషన్‌కు ఏవైనా ఒకటే

తాగడానికి పనికొచ్చే నీళ్లన్నీ మిషన్‌కు పనికిరావు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి ఉన్న సున్నం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేని చోట 600 దాకా అనుమతిస్తారు. ఈ మిషన్లు ఎక్కువగా యూరప్ కంపెనీలవి. అక్కడ జర్మనీలో 250 దాటితే అవి గట్టి నీళ్ల కింద లెక్క. అంటే మనం మామూలుగా తాగేస్తున్న బోరు నీళ్లు వాళ్ల లెక్కలో ఆఖరి మెట్టు కూడా దాటి ఉండొచ్చు.

కారణం మన కాళ్ల కిందే ఉంది. కడప, కర్నూలు జిల్లాల్లో చాలాచోట్ల భూమిలో ఉన్నది సున్నపురాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. నార్జి సున్నపురాయికి ఆ పేరు మన జిల్లాలోని ఊరి మీదుగానే వచ్చింది. ఆ పొరల్లోంచి పైకి వచ్చే నీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కగానే అది కాల్షియం కార్బొనేట్‌గా మారి లోపలి గోడలకు పట్టేస్తుంది. గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పొర అదే. అయితే గీజర్‌లో చోటు చాలా ఉంటుంది. కాఫీ మిషన్‌లో నీళ్లు వేడెక్కే థర్మోబ్లాక్‌లో మాత్రం దారి కొన్ని మిల్లీమీటర్లే. అక్కడ కొద్దిగా సున్నం పట్టినా పంపు మీద బరువు పడుతుంది. మొదట పంపు మోత మారుతుంది, తర్వాత కాఫీ గోరువెచ్చగా వస్తుంది, ఆ తర్వాత బొట్లు బొట్లుగా పడుతుంది. అలాంటి మిషన్ విప్పితే సన్నటి తెల్ల ట్యూబు చివర గట్టి పలుకులు కనిపిస్తాయి. గోరుతో గీకితే గరగరమని రాలతాయి.

మిషన్ కొన్నప్పుడు పెట్టెలో చిన్న కాగితపు ముక్క ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని మాన్యువల్‌తో పాటే అటక మీదికి చేరుస్తారు. దయచేసి వెతికి తీయండి. దాన్ని మీ నీళ్లలో ఒక్క సెకను ముంచి, ఒక నిమిషం ఆగితే గళ్ల రంగు మారుతుంది. ఎన్ని గళ్లు మారాయో చూసి, ఆ అంకెను మిషన్ మెనూలో పెట్టాలి. ఎప్పుడు డీస్కేల్ చేయమని, అంటే లోపల పట్టిన సున్నాన్ని మందు నీళ్లతో కరిగించి కడగమని, అడగాలో మిషన్ లెక్క వేసుకునేది ఆ అంకెతోనే. లోపల ఎంత సున్నం పట్టిందో అది చూడలేదు, పోయిన నీళ్లను మాత్రమే లెక్కపెడుతుంది. బోరు నీళ్లు పోస్తూ మెత్తటి నీళ్లని సెట్ చేస్తే, లైటు వెలిగేలోపే దారి మూసుకుపోతుంది.

అపోహ: టీడీఎస్ మీటర్‌లో అంకె తక్కువుంటే చాలు

టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చెబుతుంది, అందులో సున్నం ఎంతో విడిగా చెప్పదు. అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్‌నే చూడండి. అది కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం వదులుతుంది. మీటర్‌లో అంకె దాదాపు అలాగే ఉంటుంది, కానీ సున్నం పట్టదు. కాబట్టి టీడీఎస్, కాఠిన్యం రెండూ చూసుకోవాలి.

ఇక ఆర్వో నీళ్లు. 'ఆర్వో పోస్తున్నాం కదా, డీస్కేల్ ఎందుకు' అంటారు. సున్నం బాగా తగ్గుతుంది, ఒప్పుకుంటాను. బోరు నీళ్లా ఆర్వో నీళ్లా అని అడిగితే ఆర్వోకే నా ఓటు. కానీ మరీ ఇరవై ముప్పై టీడీఎస్ నీళ్లతో కాఫీ చప్పగా వస్తుంది, ఎందుకంటే పొడిలోంచి రుచిని లాగేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియమే. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ సూచించిన టీడీఎస్ 150 దరిదాపుల్లో, 75 నుంచి 250 మధ్య. మీ ప్యూరిఫయర్‌కు టీడీఎస్ అడ్జస్టర్ ఉంటే 100 పైకి తెచ్చుకోండి, రుచిలో తేడా మొదటి కప్పులోనే తెలుస్తుంది. క్యాన్ నీళ్లు వాడేవాళ్లు ప్లాంటు మారినప్పుడల్లా ఒకసారి చూసుకోండి, ఒక్కో ప్లాంటు నీళ్లు ఒక్కో రకం. మిషన్ డీస్కేల్ అడిగితే ఆర్వో నీళ్లయినా సరే చేయాల్సిందే.

నీళ్ల ట్యాంకులో సున్నం తగ్గించే ఫిల్టర్ కార్ట్రిడ్జ్ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. కొత్త కార్ట్రిడ్జ్‌ను గిన్నెడు నీళ్లలో తలకిందులుగా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, అప్పుడు ట్యాంకులో పెట్టండి. లేకపోతే గాలి పంపులో చిక్కుకుని, ట్యాంకు నిండా నీళ్లున్నా నీళ్లు లేవని చూపిస్తుంది.

అపోహ: వెనిగర్ పోస్తే సరిపోతుంది, డీస్కేలర్ దండగ

వెనిగర్ వాసన ట్యూబుల్లో రోజుల తరబడి ఉంటుంది, రబ్బరు సీళ్లకూ మంచిది కాదు. నిమ్మ ఉప్పు సున్నాన్ని కరిగిస్తుంది, కానీ చేతికి వచ్చినంత కలిపి వేడి మిషన్‌లో తిప్పితే కాల్షియం సిట్రేట్ గడ్డకట్టి కొత్త అడ్డు తయారవుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ గురించి అడిగినవాళ్లూ ఉన్నారు. దాని జోలికి అసలు పోవద్దు. లోపలి అల్యూమినియంను తినేస్తుంది, పైగా మీరు తాగేది ఆ దారిలో వచ్చిన కాఫీ.

కంపెనీ చెప్పిన డీస్కేలర్, అది చెప్పిన నీళ్ల కొలత, అంతే. అరగంట పడుతుంది. మధ్యలో ఆపకూడదు, కరెంటు పోయే వేళ మొదలుపెట్టకూడదు. మరో జాగ్రత్త కూడా ఉంది, ఇది మన ఊళ్లోనే చెప్పాల్సినది. వంటగది గట్టు మీద నల్లటి కడప బండ ఉంటే మిషన్ కింద ట్రే పెట్టి చేయండి. కడప బండ కూడా సున్నపురాయే. డీస్కేలర్ చుక్క పడి నాలుగు నిమిషాలు ఆగితే నిగనిగలాడే నలుపు పోయి బూడిద రంగు మచ్చ మిగులుతుంది, తుడిస్తే పోదు. పైపులోని సున్నానికీ ఆ బండకూ మూల పదార్థం ఒకటే కాబట్టి రెండింటినీ అది ఒకేలా కరిగిస్తుంది. బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లలోనూ అంతే.

రెండేళ్లు డీస్కేల్ చేయని మిషన్ మీ చేతిలో ఉంటే, ఒకేసారి మొదలుపెట్టే ముందు మెకానిక్‌కు చూపించండి. ఊడిన సున్నపు పలుకులు వాల్వులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

అపోహ: మన ఫిల్టర్ కాఫీ పొడే ఇందులోనూ వేసుకోవచ్చు

పొడి వేసే చిన్న మూత ఉంది కదా అని వేస్తారు. మన ఇళ్లలోని పొడిలో చాలాసార్లు చికోరీ ఉంటుంది. చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే సగం దాకా చికోరీ ఉండొచ్చు. ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవండి. చికోరీ అంటే వేయించిన వేరు. తడిస్తే జిగటగా ముద్దకడుతుంది. స్టీలు ఫిల్టర్‌లో అది మేలే చేస్తుంది. నీళ్లు నెమ్మదిగా దిగి డికాక్షన్ చిక్కగా వస్తుంది. మిషన్‌లో నీళ్లను ఒత్తిడితో అరనిమిషంలో తోయాలి. అక్కడ ఆ ముద్ద జల్లెడను మూసేస్తుంది. ఆ మూతలో వేయాల్సింది చికోరీ లేని కాఫీ పొడి, ఒక్క కొలత చెంచా, అంతకుమించి వద్దు. ఇన్‌స్టంట్ పొడి అసలే వద్దు.

గింజల్లో నల్లగా, నూనె మెరుస్తూ ఉన్నవి చూసి మంచి రోస్ట్ అనుకుంటారు. ఆ నూనె గ్రైండర్ పళ్లకూ గింజలు జారే దారికీ పట్టి, గింజలు ఉన్నా లేవని మిషన్ ఆగిపోతుంది. మీడియం రోస్ట్, పైన పొడిగా ఉన్న గింజలు తీసుకోండి. చిక్కమగళూరు, కూర్గ్ గింజలు మనకు సులభంగా దొరుకుతాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన రాష్ట్రపు పంట, ఒకసారి తప్పకుండా తెప్పించుకోండి. పాలతో తాగే ఇళ్లకు అరబికాలో కొంత రోబస్టా కలిసినది నప్పుతుంది. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, నురగ కూడా ఎక్కువ. మే నెల ఎండల్లో గింజల డబ్బా నిండా నింపొద్దు. రెండు రోజులకు సరిపడా పోసి, మిగతావి గాలి దూరని డబ్బాలో చల్లని చోట పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే గింజలకు చెమ్మ పట్టి గ్రైండర్‌కు చేటు.

అపోహ: స్ట్రాంగ్ కావాలంటే పెద్ద కప్పు బటన్ నొక్కాలి

ఇది చాలా ఇళ్లలో చూస్తాను. అదే పొడి మీదుగా ఎక్కువ నీళ్లు పంపితే చేదు, పలచన రెండూ వస్తాయి. కప్పు కొలత 40 మిల్లీలీటర్లకు తగ్గించండి, గింజల గుర్తు పూర్తిగా పెంచండి. అప్పటికీ చాలకపోతే రెండు ఎస్ప్రెస్సోలు దించి అందులో వంద మిల్లీలీటర్ల వేడి పాలు పోయండి. మన నాలుకకు అలవాటైన కాఫీకి దగ్గరగా వస్తుంది. పొడిని ఇంకా సన్నం చేయాలంటే గ్రైండర్ తిరుగుతున్నప్పుడే మీటను ఒక్క మెట్టు కదపాలి, ఆగి ఉన్నప్పుడు తిప్పితే పళ్లు పట్టేస్తాయి. తేడా రెండు మూడు కప్పుల తర్వాతే తెలుస్తుంది, కాబట్టి వెంటవెంటనే తిప్పుతూ పోవద్దు.

పెట్టె మీద 15 బార్, 19 బార్ అని ఉన్న అంకెలు చూసి ఎక్కువుంటే గొప్ప అనుకోవద్దు. బార్ అంటే ఒత్తిడి కొలత, ఆ అంకె పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. 1961లో ఇటలీ కంపెనీ ఫేమా వారి ఈ61 పంపు మిషన్ వచ్చినప్పటి నుంచీ ఎస్ప్రెస్సోకు కావలసింది సుమారు 9 బార్లే.

అపోహ: తనే కడుక్కుంటుంది, మనం కడగక్కర్లేదు

ఆన్ చేసినప్పుడు, ఆపినప్పుడు మిషన్ వదిలే నీళ్లు గొట్టాన్ని మాత్రమే కడుగుతాయి. కాఫీ దించే భాగాన్ని, అంటే బ్రూ గ్రూపును, వారానికోసారి మీరే కడగాలి. కొన్ని కంపెనీల మిషన్లలో అది ఇంట్లో తీయడానికి రాదు, అవి గోళీ వేసి శుభ్రం చేసే రకం. కొనేముందు ఈ తేడా కనుక్కోండి. సర్వీస్ సెంటర్ బెంగళూరులో ఉన్నప్పుడు, చేత్తో తీసి కడుక్కునే రకమే మనకు మేలని నా గట్టి అభిప్రాయం.

మిషన్ ఆపి, పక్క తలుపు తీసి, మీట నొక్కి బయటికి లాగండి. ఆన్‌లో ఉండగా, లేదా కాఫీ మధ్యలో కరెంటు పోయినప్పుడు బలవంతంగా లాగొద్దు. కరెంటు రాగానే అది తన చోటికి తనే వస్తుంది. గోరువెచ్చటి కొళాయి నీళ్ల కింద పట్టి, జల్లెడ మీది పొడి వేలితో తుడవండి. సబ్బు వద్దు, అది గ్రీజును పోగొడుతుంది. గ్రీజు ఆరిపోతే కిర్రుమనే చప్పుడు వస్తుంది, రెండు నెలలకోసారి రబ్బరు రింగులకు ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. ఎండలో పెట్టకుండా నీడలో ఆరనివ్వండి.

'మిషన్ లీకవుతోందన్నా, ట్రే నిండా నీళ్లు' అని ఫోన్ చేసేవాళ్లకు చెప్పేదీ ఇదే. కడిగిన నీళ్లు, కాఫీ దిగాక మిగిలిన ఒత్తిడి నీళ్లు ఆ ట్రేలోకే రావాలి. గట్టు మీదికి వస్తేనే లీకు. పిప్పి డబ్బా ఖాళీగా ఉన్నా నిండిందని చూపించడం కూడా రిపేరు కాదు. మిషన్ పిప్పి బిళ్లలను లెక్కపెడుతుంది. ఆపి ఉన్నప్పుడు ఖాళీ చేస్తే ఆ లెక్క సున్నాకు రాదు. ఆన్‌లో ఉంచి డబ్బా తీయండి, నాలుగైదు సెకన్లు ఆగి పెట్టండి.

అపోహ: చిక్కటి గేదె పాలకే నురగ బాగా వస్తుంది

నురగను నిలబెట్టేది పాలలోని ప్రోటీన్, వెన్న కాదు. 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా వాడితే చక్కగా వస్తుంది. ఇంట్లో కాచిన పాలే పోస్తామంటే పూర్తిగా చల్లార్చి, సన్నటి జల్లెడలో వడగట్టండి, ఎందుకంటే మీగడ తుంపు ఒక్కటి చాలు పాల గొట్టం మూసుకుపోవడానికి. వాడిన ప్రతిసారీ పాల దారి కడగాలి. మన వేడిలో మధ్యాహ్నానికే పులుపు వాసన వస్తుంది.

కరెంటు సంగతి కూడా అడుగుతుంటారు. 1500 వాట్లంటే భయపడతారు. రెండు నిమిషాలు పూర్తిగా లాగినా యూనిట్‌లో ఇరవయ్యో వంతే. జాగ్రత్త పడాల్సింది సాకెట్ దగ్గర. ఆరున్నర ఆంపియర్లు లాగే మిషన్‌ను 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కు పెట్టొద్దు, 16 ఆంపియర్లది వేయించండి. ఇంటి ఇన్వర్టర్ లైనుకు అసలు కలపొద్దు.

ఊరికి వెళ్లే ముందు

సంక్రాంతికి వారం రోజులు ఇల్లు తాళం వేసి వెళ్లి, వచ్చాక మిషన్ తెరిస్తే పిప్పి డబ్బాలో తెల్ల బూజు కనబడుతుంది. తడి పిప్పికి మూడు నాలుగు రోజులు చాలు. వెళ్లే రోజు పిప్పి డబ్బా, ట్రే, నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి కడిగి ఆరబెట్టండి. గింజల డబ్బాలో మిగిలినవి తీసి వేరే డబ్బాలో పెట్టండి. బ్రూ గ్రూపు కడిగి బయటే ఉంచి, పక్క తలుపు కొద్దిగా తెరిచి వదిలేయండి. తిరిగొచ్చాక కొత్త నీళ్లు పోసి, మొదటి రెండు కప్పులు పారబోసి, మూడోది తాగండి.