నూనెలో తళుకు ఎవరి సొమ్ము?

తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని నడుస్తారు. నేలలో ఏదైనా తళుక్కుమంటే వజ్రమేమోనని ఆశ. కారు ఇంజను అడుగున నూనె నిలిచే ఆయిల్ చాంబర్‌లో అదే తళుకు కనిపిస్తే మాత్రం గుండె జారిపోతుంది. పోయిన నెల కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గరి షెడ్డులో నాకు జారింది.

"ఇంజను పోయినట్టేనా భాయ్?" అన్నాను. పెద్ద మేస్త్రి పలకలేదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి మడ్డిలో తిప్పారు. పైకి తీసి కాగితం మీద పట్టుకుని, కవరులోంచి అయస్కాంతాన్ని లాగేశారు. అంటుకున్న రజను కాగితం మీదికి రాలింది. కాటుకలా మెత్తగా ఉంది.

"ఇది మామూలే సార్. మిగిలినదాని సంగతి చూద్దాం."

అయస్కాంతానికి అంటేది ఇనుము: క్రాంకు (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు), రింగులు, చైను, ఆయిల్ పంపు పళ్లు. మెత్తని రజను రోజువారీ అరుగుదల; గోటితో ఎత్తగలిగే రేకులైతే ఏదో పెచ్చులూడుతోందని అర్థం. అంటకుండా తెల్లగా మెరిసేది అల్యూమినియం కావచ్చు. కాస్టిక్ సోడా ద్రావణంలో వేస్తే నురగలు కక్కుతుంది. ఆ బుడగలు హైడ్రోజన్ వాయువు కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు, కళ్లకు అద్దాలు ఉండాలి. అల్యూమినియం అని తేలినంత మాత్రాన పిస్టన్‌ను అనుమానించనక్కర్లేదు. కొన్ని బేరింగులూ ఆ లోహంతోనే తయారవుతాయి.

మా మడ్డిలో మిగిలినవి నాలుగైదు రాగిరంగు రేకులు. ఇక్కడే అసలు కథ. క్రాంకు తిరిగే బేరింగు ఒకే లోహపు ముక్క కాదు. మా కారులో ఉన్న రకానికి వెనక ఉక్కు, నడుమ రాగి మిశ్రమం, పైన తగరమో సీసమో కలిసిన పలుచని మెత్తని పూత. ఇంత మెత్తనిది ఎందుకంటే, నూనెలో కొట్టుకొచ్చిన ఇసుక రేణువు క్రాంకును గీకకుండా ఈ పూతలో దిగబడిపోవాలి. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ ఇలాంటి మెత్తని మిశ్రమాన్నే బేరింగులకు తెచ్చాడు. నడుస్తున్నప్పుడు క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఉండే నూనె పొర కొన్ని మైక్రాన్లే. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. రాగి బయటపడిందంటే పై పూత అరిగిపోయినట్టే.

తప్పెవరిది? బేతంచెర్ల నాపరాయి దుమ్మును తిట్టబోయాను. కానీ అందులో ప్రధానమైన కాల్సైట్ గట్టిదనం మోస్ కొలతలో 3. మన ఎర్రనేల ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7, ఉక్కునే గీకగలదు. చిరిగిన ఎయిర్ ఫిల్టరుతో ఏడాది తిరిగినవాణ్ని నేనే.

మేస్త్రి బేరింగు క్యాపు విప్పారు. అర్ధచంద్రాకారపు బేరింగు నడిమిన రాగి మరక, బొటనవేలంత. క్రాంకును గుడ్డతో తుడిచి, గోరు అడ్డంగా లాగి చూడమన్నారు. గీత ఉంటే గోరు పట్టుకుంటుందట.

లాగాను. జారిపోయింది.