బెట్టలో పెరిగేది వేరా, వేరు వాటానా? అపోహలు – వాస్తవాలు

మొక్కలను నీటి ఎద్దడికో, పోషక లోపానికో, నీడకో గురిచేసి, ఆ తరువాత వాటిని వేరు, కాండం, ఆకులుగా విడదీసి, ఆరబెట్టి తూచడం నా పని. కష్టకాలంలో మొక్క తన పెరుగుదలను ఏ భాగానికి ఎంత పంచిందో చెప్పేది ఆ బరువులే కనుక, వాటిని తప్పుగా చదివితే మొక్క గురించిన మన అవగాహనే తారుమారవుతుంది.

అపోహ: నీరు తగ్గితే మొక్క వేర్లను మరింత పెంచుకుంటుంది.

వాస్తవం: చాలా సందర్భాల్లో పెరిగేది వేరు కాదు, మొత్తం బరువులో వేరు వాటా. నీరు బాగా అందిన మొక్క ఎండు బరువు 30 గ్రాములనీ, అందులో వేర్లు 10 గ్రాములనీ అనుకుందాం. అదే వయసులో బెట్టకు గురైన మొక్క 16 గ్రాముల దగ్గరే ఆగిపోయి, అందులో వేర్లు 7 గ్రాములుంటే, వేరు వాటా 33 శాతం నుంచి దాదాపు 44 శాతానికి చేరింది, కానీ వేర్లు 3 గ్రాములు తగ్గాయి. ఆకులు అంతకంటే ఎక్కువగా కుంగిపోవడం వల్లనే వేర్లు పెరిగినట్టు కనిపిస్తుంది.

అలాగని మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. మొక్కజొన్న మొలకలపై 1980లలో జరిగిన పరిశోధనల్లో, నీటి శక్మం (నీరు ఎంత సులువుగా అందుతుందో చెప్పే కొలత, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ ఎద్దడి ఎక్కువ) మైనస్ 0.8 మెగాపాస్కల్‌కు పడిపోయేసరికి పైభాగం ఎదుగుదల ఆగిపోగా, మొదటి వేరు మైనస్ 1.6 దగ్గర కూడా మెల్లగా సాగుతూనే ఉంది. ఎద్దడిలో మొక్క తయారుచేసుకునే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఈ సాగుదలను నిలబెట్టడంలో తోడ్పడుతుంది. అయితే ఆ వేరు సన్నబడుతుంది, అంటే తక్కువ పదార్థంతో ఎక్కువ లోతుకు దిగుతుంది. అందుకే బెట్టలో వేరును తూచడంతో సరిపెట్టకుండా దాని పొడవునూ, అది చేరిన లోతునూ కొలవాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: ఏ పోషకం లోపించినా మొక్క వేర్ల వైపే మొగ్గుతుంది.

వాస్తవం: నత్రజని, భాస్వరం విషయంలో ఇది సాధారణంగా నిజం. నేల నుంచి రావలసినది కరువైనప్పుడు దాన్ని వెతికే భాగానికి ఎక్కువ పదార్థం చేరుతుంది. మెగ్నీషియం, పొటాషియం లోపిస్తే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే ఆకులో తయారైన చక్కెరను పోషక కణజాలంలోకి, అంటే ఆహారాన్ని మోసే నాళాల్లోకి, ఎక్కించి వేర్లకు పంపడానికి ఆ రెండూ అవసరం. మెగ్నీషియం కొరవడిన మొక్క నుంచి ముదురు ఆకును తెల్లవారకముందే కోసి, ఆల్కహాల్‌లో రంగు తీసి, అయోడిన్‌లో ముంచి చూడండి. ఆరోగ్యమైన ఆకు రాత్రంతా పిండిపదార్థాన్ని ఖర్చుచేసుకుని పాలిపోయి కనిపిస్తే, ఈ ఆకు నల్లని నీలిరంగుకు తిరుగుతుంది. ఆహారం ఆకులోనే చిక్కుకుపోయి వేరు పస్తులుంటున్నదనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నేను చూడలేదు. ఆకు పసుపుబారకముందే ఈ పేరుకుపోవడం మొదలవుతుంది కనుక, రంగు మారే వరకు ఆగితే అప్పటికే వేర్లు దెబ్బతిని ఉంటాయి.

అపోహ: వేరు వాటాలో తేడా కనిపించిందంటే అది ఒత్తిడికి మొక్క చూపిన స్పందనే.

వాస్తవం: పంట మొక్కల్లో, మరెన్నో ఇతర మొక్కల్లో, చిన్న వయసులో వేరు వాటా ఎక్కువగా ఉండి, మొక్క పెద్దదయ్యేకొద్దీ తగ్గుతుంది. ఒత్తిడి వల్ల గిడసబారిన మొక్కను అదే రోజున ఏపుగా ఎదిగిన మొక్క పక్కన పెట్టి పోల్చితే, నిజానికి పసిమొక్కనూ పెద్దమొక్కనూ పోల్చినట్టే అవుతుంది. తొలినాళ్లలో నేనూ ఈ పొరపాటు చేశాను. ఉప్పు నీరు వేరు వాటాను పెంచిందని రాసుకున్న ఫలితం, ఒకే పరిమాణానికి చేరిన మొక్కలను పోల్చినప్పుడు దాదాపు మాయమైంది. అప్పటినుంచి ఒకే తేదీన కాకుండా పలు దశల్లో మొక్కలను తీసి తూచుతున్నాను.

అపోహ: నీడలో ఆకులు వెడల్పవుతాయి కనుక మొక్క ఆకులపై ఎంతో ఎక్కువ ఖర్చు పెడుతున్నట్టే.

వాస్తవం: ఆకుల బరువు వాటా కొంత పెరిగినా, ప్రధానమైన మార్పు ఆకు పలచబడటంలో ఉంది. అదే బరువుతో మొక్క ఎక్కువ వెలుతురును పట్టగలుగుతుంది.

అపోహ: కడిగి తూచిన వేర్ల బరువు వేరువ్యవస్థ మొత్తానికి కొలమానం.

వాస్తవం: 1937లో హోవర్డ్ డిట్మర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గోధుమను పోలిన రై అనే ధాన్యపు మొక్క, నాలుగు నెలల వయసున్నది, ఒక్కదాని వేర్ల పొడవును లెక్కగట్టి, అది 600 కిలోమీటర్లు దాటిందని ప్రకటించాడు. అంత పొడవులో అధిక భాగం వెంట్రుకల్లాంటి సన్నని వేర్లదే, తూకంలో వాటి వంతు మాత్రం స్వల్పం. మట్టిని కడిగేటప్పుడు ముందుగా తెగి జల్లెడ కన్నాల్లోంచి జారిపోయేవి అవే. నీటినీ, భాస్వరాన్నీ పీల్చే పనిలో చాలావరకు వాటిదే కనుక, నేను జల్లెడ కింద మరింత సన్న కన్నాల జల్లెడ పెట్టి, అందులో చిక్కిన తెల్లని పోగులను పట్టకారుతో ఏరి, విడిగా తూస్తాను.